ఈ పూటకి పడదు

ఆని నెల చివరికొచ్చింది. ఇంకొన్నాళ్ళలో శూన్యమాసం ఆడి పుడుతుంది. ఆడిలో ఇల్లు కొనేవాళ్ళుండరు, అమ్మేవాళ్ళుండరు, కొత్తింట్లో పాలు పొంగించేవాళ్ళుండరు. కోవిల్‌పట్టిలో రిజిస్ట్రారాఫీసు ముందున్న టీ కొట్టువాడు కూడా ఆ నెలంతా పాలు తగ్గించే తెప్పించుకుంటాడు. అందుకని కుమరేశన్ తొందరపడటంలో తప్పేమీ లేదు.

"ఆడి పుట్టేలోపల రిజిస్టర్ చేస్కుంటే ఇల్లు నీకే దా, వదినే. లేకుంటే సాత్తూరాయన కొనేదానికి కాచుకోనుండాడు," అని తిరుప్పూరునుంచి ఫోన్లో తేల్చి చెప్పేశాడు.

కుమరేశన్ పట్టమ్మాళ్ మేనమామ కొడుకు. మేనమామ వెంకటరామన్ పోయి చాలాకాలమైంది. కోవిల్‌పట్టిలో ఆయన కట్టిన ఇంట్లో అత్త సుబ్బులక్ష్మి ఒక్కతే ఉంటోంది. కొడుకు ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేసి తల్లిని తనతో తీసుకుపోదామనుకుంటున్నాడు.

పట్టమ్మాళ్‌కి ఆ ఇల్లు కావాలి. ఆశకొద్దీ అడిగింది కాదు, మొగుడి కోసం కావాలి.

పోయిన అయిప్పసి నెల వానల్లో, పుదూరు పక్కనున్న ఊళ్ళో వాళ్ళింటి పడమటి గోడ పడింది. గోడవార పడుకున్న అత్తగారు జానకియమ్మాళ్ మళ్ళీ లేవలేదు. ఆ గోడ ఎండాకాలంలోనే నెర్రె విడిచింది. పట్టమ్మాళ్ భర్త లక్ష్మణసామి అది చూశాడు, బురద మెత్తాడు, వానొస్తే నేల మూసుకుంటుంది, నేలతోపాటే గోడా మూసుకుంటుందన్నాడు. నల్లరేగట్లో పుట్టి పెరిగినవాడు ఇంకేమంటాడు? ఆ ఊళ్ళో అందరూ అదే అంటారు, ఏటా అదే జరుగుతుంది కూడా. ఆ ఏడు మాత్రం జరగలేదు.

అప్పట్నుంచి లక్ష్మణసామి కప్పు కింద పడుకోవడం మానేశాడు. గోడ మళ్ళీ కట్టించారు, పైన రేకులు వేయించారు. తిండికి మాత్రం లోపలికొచ్చి, గడప దగ్గరే కూచుని, నాలుగు ముద్దలు మింగి లేచిపోయేవాడు. కార్తీక వానల్లో ట్రాక్టరు ట్రైలర్ కింద టార్పాలిన్ పట్టా కట్టుకుని పడుకున్నాడు. మార్గళి మంచుకి పట్టిన దగ్గు చిత్తిరై ఎండల దాకా వదల్లేదు. అర్ధరాత్రి ఆ దగ్గు వినబడుతుంటే లోపల పడుకున్న పట్టమ్మాళ్‌కి ప్రాణం చిక్కబట్టుకున్నట్టుండేది. ఇంకో వానాకాలం ఈ మనిషి బయట పడుకుంటే దక్కడని ఆమెకు ఖాయంగా తెలుసు. మళ్ళీ అయిప్పసి వచ్చేలోపల ఆయన కన్నుమూసి పడుకోగల కప్పు ఒకటి సంపాదించాలి. ఆమెకున్న పని అదొక్కటే. సోలార్ కంపెనీకి మెరక చేను ఇస్తే వచ్చిన డబ్బు దానికోసమే ముట్టుకోకుండా పెట్టింది.

మేనమామ ఇంటి మాట ఎత్తినప్పుడు లక్ష్మణసామి కాదనలేదు.

"తెలిసినోళ్ళు యెవురన్నా సూసి, నిలబడతాదని సెప్పనీ. పడుకుంటా. నన్ను మాత్రం సూడమనొద్దు పట్టూ. నా కన్ను మీద నాకే నమ్మకం లేదు," అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆమె ఇంజనీర్ల వెంట పడింది. కోవిల్‌పట్టిలో మొదటాయన, పనులు మెడదాకా ఉన్నాయి, ఆడి పోయాక రమ్మన్నాడు. రెండో ఆయన ఇంకా గట్టివాడు. "ప్లాన్ కాపీ తెచ్చియ్యండమ్మా, నిలబడుతుందని సాయంత్రానికల్లా సంతకం పెట్టి ఇచ్చేస్తా, ఇల్లు చూసే పనేముంది," అని తమిళంలో తీరిగ్గా చెప్పాడు. పట్టమ్మాళ్‌కి ఒళ్ళు మండిపోయింది. చూడకుండా చెప్పే మాటే కావాలంటే ఊళ్ళో పూజారి చెప్పడా?

చివరికి విరుదునగర్లో దారి దొరికింది. మిరపకాయల బస్తాలు వేసుకుని మండీకి పోయినప్పుడు, అక్కడ లెక్కలు రాసే కణక్కుపిళ్ళనే అడిగింది. స్టేషను దగ్గర మేడమీద ఒక ఇంజనీరు అమ్మాయి ఉంది, అప్పు ఇచ్చేముందు బ్యాంకువాళ్ళు ఆమెనే పంపి ఇళ్ళు చూపిస్తారు, ఆమె సరే అంటే సరే, అన్నాడు. మిరప ఘాటు ఇంకా ముక్కులో ఉండగానే పట్టమ్మాళ్ ఆ మేడ మెట్లెక్కింది.

ఆ అమ్మాయి పేరు బృంద. ముప్పై దాటి ఉంటాయి. తమిళంలోనే మర్యాదగా మాట్లాడింది, ఒక ఇల్లు సరిగ్గా చూసి చెప్పాలంటే వారం పడుతుందంది. పట్టమ్మాళ్ లేచి నిలబడి, తనలో తాను తెలుగులో గొణుక్కుంది.

"వారానికి ఆడి పుట్టేస్తాది. నా తలరాత."

బృంద తలెత్తింది. "కూచో అక్కా. మాదీ తెలుగే. అరుప్పుకోటలో మగ్గాలిల్లు మాది. ఏంటికి అంత అవసరం?"

ఇంటి భాష వినబడగానే పట్టమ్మాళ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. గోడ సంగతి, అత్తగారి సంగతి, ట్రైలర్ కింద దగ్గు సంగతి అన్నీ చెప్పేసింది.

"రేపు పొద్దున వస్తా," అంది బృంద అంతా విని. "కాగితం రాసిచ్చేది తర్వాత. నోటిమాట మాత్రం రేపు పొద్దు కుంకేలోపల సెప్తా. అయితే ఒకటక్కా. గోడలు తట్టాల, అవసరమైతే తవ్వాల. నేను ఏమి సెప్పినా నామీద కోపం తెచ్చుకోకూడదు."

పట్టమ్మాళ్ సరేనంది. బస్సెక్కి సాత్తూరు దాటాక గానీ అసలు చిక్కు తట్టలేదు. అది మేనమామ ఇల్లు. చెవులు కుట్టినప్పుడు ఒడిలో కూచోబెట్టుకున్నది ఆ మామ, పెళ్ళిలో మొదటి చీర పెట్టింది ఆ మామ. అలాంటి మామ కట్టిన ఇంటికి మనిషిని తెచ్చి పరీక్ష పెట్టడమంటే, ఆయన పెట్టిన చీరలోంచి దారం లాగి నేతను పరీక్షించడమే. అత్త మొహం ఎలా చూడాలి? వాళ్ళ వాళ్ళలో ఎవరూ అలాంటి పని చేసి ఉండరు. కానీ మనయడి వాస్తు చూపించుకోవడం అందరిళ్ళలోనూ ఉన్నదే. ఏ గది ఏ దిక్కున ఉంది, గడప కొలత ఎంత అని ఎవరో ఒకర్ని పిలిచి కొలిపించుకుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆ మాటే చెబుదామని నిశ్చయించుకుంది.

మర్నాడు పొద్దున లక్ష్మణసామి కూడా వచ్చాడు. సుబ్బులక్ష్మి ఇంటికి ఎదురుగా, వీధికి అవతల టీ కొట్టు బయట బల్ల మీద కూచున్నాడు. లోపలికి రమ్మంటే, మాట తెలిసినాక వస్తానన్నాడు. ఆని గాలి దుమ్ము రేపుతూ వీధంతా ఈడ్చి కొడుతోంది. ఆయన తుండుగుడ్డ మొహానికి చుట్టుకుని, ఇంటివైపు కాకుండా బస్సులు పోయే దారివైపు తిరిగి కూచున్నాడు.

సుబ్బులక్ష్మి గడపలోనే ఎదురొచ్చింది. సన్నగా, పొట్టిగా, నడుం కాస్త వంగిన మనిషి. పట్టమ్మాళ్ చెప్పిన మనయడి మాట విని బృందను కిందనుంచి పైదాకా చూసింది.

"మనయడి కొలిచేదానికి సుత్తి ఏంటికి పాపా?" అంది.

పట్టమ్మాళ్‌కి చెవులు కాలిపోయాయి. అత్త నవ్వలేదు, రెట్టించనూ లేదు. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, "సూసుకో పాపా, యెంతసేపైనా సూసుకో," అని వంటింట్లోకి పోయింది.

బృంద పని చేస్తుంటే పట్టమ్మాళ్ వెనకే తిరిగింది. బృంద గోడల్ని సుత్తితో మెల్లిగా తట్టి చెవి పెట్టి వింది. సన్‌షేడ్ల అడుగున పెచ్చులూడాయేమో, కమ్మీలు బయటపడ్డాయేమో అని టార్చి వేసి చూసింది. దారానికి కట్టిన ఇనప గుండు వేలాడదీసి గోడ వాలిందేమో చూసింది. నీళ్ళు నింపిన సన్నని గొట్టం ఒక కొస పట్టమ్మాళ్ చేతికిచ్చి, గదిగదికీ మట్టం పట్టింది. మేడమీద నీళ్ళ తొట్టి చుట్టూ తిరిగొచ్చింది. ఎక్కడా చీలిక లేదు, తలుపులు చప్పుడు లేకుండా పడుతున్నాయి. మామ చెయ్యి పడ్డ ఇల్లు కదా అని పట్టమ్మాళ్‌కి గుండె తేలికపడింది. ఈ నడిగదిలో, ఈ దక్షిణపు గోడ పక్కన, ఆయనకు చాప వేయొచ్చు అని కూడా అనుకుంది.

బృంద మొహం మాత్రం విప్పారలేదు. బయటికి పోయి ఇటుపక్కింటి ప్రహరీ, అటుపక్కింటి అరుగు, ఎదురింటి గోడ చూసొచ్చింది. అన్నిటికీ వేలు పట్టేంత నెర్రెలే. వీధిలో ఖాళీ స్థలంలో నల్లమన్ను నోరు తెరుచుకుని పడుంది.

"అక్కా, చుట్టూ నేలంతా విచ్చుకోనుండాది. ఈ ఇల్లొకటే విచ్చుకోలేదు. ఏంటికో తెలియాల. గోడ పాదం దగ్గర కొంచెం తవ్వి సూడాల."

మేనమామ ఇంటి పునాది తవ్వడం. పట్టమ్మాళ్ వంటింటివైపు చూసింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సుబ్బులక్ష్మి అంతా విన్నట్టుంది. గొడ్లపాకలోంచి గడ్డపార తనే తెచ్చి గోడకి ఆనించింది.

"తవ్వుకో," అంది.

పెద్దగా తవ్వాల్సిన పని లేకపోయింది. ఎండకి ఊరంతా కాలిపోతున్న ఆ ఆని నెలలో, ఆ గోడ పాదంలో మన్ను నల్లగా, మెత్తగా, తడితడిగా లేచింది. బృంద చేత్తో పిసికి చూసింది. ఇంటి చుట్టూ మూడుచోట్ల గుచ్చి చూసింది, అన్నిచోట్లా అదే తడి. గోడ పొడవునా ఇంత నీరు తాగిన నేలలో మొక్క మాత్రం ఒక్కటీ లేదు.

"పైపు కారతా ఉండాదా అవ్వా? లేకుంటే సెప్టిక్ తొట్టి పగిలిందా?"

సుబ్బులక్ష్మి గోడకి చేయి ఆనించి నిలబడింది.

"యేదీ పగల్లేదు. నేను దా పోస్తా ఉండా."

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"మీ మామ పునాది లోతుగా తీయలేదు పట్టూ. గట్టినేల దాకా పోయేదానికి అప్పుడు చేతిలో డబ్బు లేదు. మొదటి యేడు పంగుని పోయి చిత్తిరై వచ్చేకి గోడలన్నీ పగిలినాయి. ఆయన సూసి, ఇది చేను మాదిరే సుబ్బూ, దాహానికి నోరు తెరస్తాది, తడిపితే మూసుకుంటాదన్నారు. అప్పట్నుంచి పోస్తా ఉండా. బియ్యం కడిగిన నీళ్ళు, గుడ్డలు పిండిన నీళ్ళు, స్నానం నీళ్ళు. కొళాయి రాని దినాన నాకు లేకున్నా గోడకి పోస్తా. ఆయన పోయినంక కూడా నిలపలేదు. మొక్కలకని కుమరేశన్ అనుకుంటాడు."

ఎప్పుడొచ్చినా అత్త చేతిలో బిందె ఉండటం పట్టమ్మాళ్‌కి గుర్తొచ్చింది. సెలవులకొచ్చిన చిన్నప్పుడు కూడా, ఆడుకుంటుంటే కాళ్ళ మీద నీళ్ళు చిమ్ముతూ గోడవెంట పోయేది. మొక్కల్లేని చోట నీళ్ళెందుకని అప్పుడు ఎవరూ అడగలేదు.

"నాకు ముందే సెప్పుండకూడదా అత్తా?" అంది.

"పాలు పొంగించే దినాన సెప్పుదామనుకొంటి. పెద్ద పనేమి ఉండాది ఇందులో, దీపం పెట్టేది మాదిరి ఇదొక పని. సాత్తూరాయన కొంటే కూలగొట్టి కాంప్లెక్స్ కడతాడంట. నువ్వు కొంటే నిలబడతాదని ఆశ."

అత్త మోసం చేయాలనుకోలేదని పట్టమ్మాళ్‌కి అర్థమైంది. చేను అమ్మేవాడు, దీనికి నీళ్ళు పెట్టాలి అని చెబుతాడా? ఆమెకి ఇల్లూ అంతే.

బృంద చేతులు కడుక్కొచ్చింది. తన మాట మెల్లిగా, ఒక్కొక్కటే చెప్పింది. ఇలా సమంగా పోస్తున్నన్నాళ్ళు నిలబడుతుంది. ఒక ఎండాకాలం మానేసినా, ఒకవైపు పోసి ఒకవైపు మరిచినా ఏమవుతుందో చెప్పలేనంది. పునాది కింద మళ్ళీ కట్టుకొస్తే బాగుపడొచ్చు, కానీ అది కొత్త ఇల్లు కట్టినంత పని. "నిలబడతాదని నేను రాసియ్యలేనక్కా. నోటితోనూ సెప్పలేను."

అది విని సుబ్బులక్ష్మి పట్టమ్మాళ్ చెయ్యి పట్టుకుంది. "లక్ష్మణసామికి సెప్పాల్సిన పనేముండాది? నేను ఒక్కదాన్నే ఇన్నేళ్ళు మోయలేదా? నువ్వూ పోస్తా ఉండు. ఆయన నిమ్మళంగా పడుకుంటాడు."

పట్టమ్మాళ్ కిటికీలోంచి వీధి అవతలికి చూసింది. లక్ష్మణసామి అలాగే తుండుగుడ్డ చుట్టుకుని, అటే తిరిగి కూచుని ఉన్నాడు. అత్త మాటలో తప్పు కనబడలేదు ఆమెకి. బిందెలు మోయడం ఆమెకి కొత్త కాదు. ఇంజనీరు సరేనందని ఒక్క మాట చెబితే చాలు, ఈ అయిప్పసికి ఆ మనిషి వెచ్చగా, దగ్గు లేకుండా ఈ గోడ పక్కన నిద్రపోతాడు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ ఊళ్ళో పడ్డ ఆ గోడ గురించి కూడా ఒకరు నిలబడుతుందనే చెప్పారు. ఆ మాట నమ్మే జానకియమ్మాళ్ దాని పక్కన పడుకుంది. గోడ విషయంలో ఇంకో నమ్మకం మాట, అదీ తెలిసి తెలిసి, ఆ మనిషికి చెప్పడం తనవల్ల కాదు. పట్టమ్మాళ్ అత్త చేతిలోంచి చెయ్యి మెల్లిగా విడిపించుకుని వీధిలోకి పోయింది.

లక్ష్మణసామి ఆమె మొహం చూడగానే లేచాడు. ఆమె దాచకుండా అంతా చెప్పింది. ఆయన వీధి దాటి వచ్చి తవ్విన గుంట దగ్గర గొంతుక్కూచున్నాడు. తడిమన్ను తీసి ముద్ద చేశాడు, వేళ్ళ మధ్య నలిపాడు. అయిప్పసి తర్వాత ఒక గోడకి అంత దగ్గరగా ఆయన కూచోవడం ఆమె చూడలేదు.

"పాపా, మా ఊళ్ళో గోడకి కూడా ఎండాకాలంలో ఇట్ల పోసుంటే..." అని ఆగిపోయాడు.

"అది మట్టిగోడ అన్నా. నీళ్ళు పోసుంటే ఇంకా ముందే పడుండేది," అంది బృంద.

ఆయన తలూపాడు. ఆ ముద్దను మళ్ళీ గుంటలోనే జాగ్రత్తగా పెట్టాడు.

"పెద్దమ్మా, ఇదంతా తెలిసి నువ్వు లోపలే పడుకుంటా ఉండావా?"

"యేమి సేసేది నాయనా. పడుకుంటే దా పొద్దున లేసి నీళ్ళు పోయొచ్చు," అంది సుబ్బులక్ష్మి.

లక్ష్మణసామి బృంద వైపు తిరిగాడు. "ఇది ఈ పొద్దు పడతాదా?"

బృంద గోడ చివరిదాకా నడిచి, మళ్ళీ ఒకసారి పైకీ కిందికీ చూసొచ్చింది.

"ఈ పూటకి పడదన్నా. ఈ పూటకైతే నేను పూచీ."

"అంతమాత్రం కూడా యెవురూ సెప్పలేదు నాకు ఇన్నినాళ్ళు," అన్నాడాయన.

చెప్పులు విడిచి లోపలికి పోయాడు. గడప దగ్గర కాదు, నడిగదిలో కూచుని అత్త పెట్టిన అన్నం కడుపునిండా తిన్నాడు. తిన్న చోటే, దక్షిణపు గోడ పక్కన, తుండుగుడ్డ తలకింద పెట్టుకుని వాలాడు. కాసేపటికి గురక వినబడింది. పట్టమ్మాళ్ తలుపు చాటున నిలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

బృంద బయల్దేరుతూ ఆమెను వీధిలోకి పిలిచింది. "మీ ఊళ్ళోనే ఒక్క గది చాలక్కా. గట్టినేల దాకా గుంట తీసి కట్టుకుంటే అయిప్పసికి పైకప్పు వేసేయొచ్చు. గుంట తీసినప్పుడు నన్ను పిలవండి. పూత పూసినంక కాదు."

"ఆడిలో గుంట తీయకూడదు."

"ఆడి పోయినంక ఆవణిలో తీయండి. నేలను సూసేదానికి ఆడిలోనే వస్తా, సూసేదానికి నెల లేదు," అని బృంద బస్సుకి నడిచింది.

అంతలోనే కుమరేశన్ ఫోన్ చేశాడు. పట్టమ్మాళ్ పెరట్లోకి పోయి మాట్లాడింది.

"మాకొద్దు కుమరేసా. సాత్తూరాయనకే ఇచ్చేయి."

"ఏంటికి వదినే? యెవురేమి సెప్పినారు?"

"ఇంజనీరును తెచ్చి సూపించినా."

"మా నాయన కట్టిన ఇంటినా?"

"ఆమా. మీ నాయన కట్టిన ఇంటినే."

కుమరేశన్ ఫోన్ పెట్టేశాడు. ఇక ఏ పెళ్ళిలో కలిసినా ఈ మాట తిరిగి వస్తుందని ఆమెకి తెలుసు. నీళ్ళ సంగతి మాత్రం ఆమె చెప్పలేదు, చెప్పదు కూడా. అది అత్తది.

ఎండ తగ్గుముఖం పట్టింది. పట్టమ్మాళ్ తవ్విన గుంటలన్నీ పూడ్చి కాలితో అదిమింది. తలెత్తేసరికి సుబ్బులక్ష్మి బియ్యం కడిగిన నీళ్ళ బిందె చంకన పెట్టుకుని పెరటి మెట్లు దిగుతోంది.

"ఇంకేంటికత్తా?" అంది పట్టమ్మాళ్. "కూలగొట్టే గోడే కదా."

"లోపల మనిషి నిద్రపోతా ఉండాడు కదా," అంది సుబ్బులక్ష్మి.

పట్టమ్మాళ్ వంటింట్లోకి పోయి రెండో బిందె తెచ్చింది. అత్త ఉత్తరం వైపు, తను దక్షిణం వైపు. బిందె గోడకి తగిలి చప్పుడు కాకుండా, వంగి, మెల్లిగా పోసుకుంటూ నడిచారు.